నల్లాలో సముద్రం
కువైట్‌లో పారే నది ఒక్కటీ లేదు. మరి రూములో నల్లా తిప్పితే వచ్చే నీళ్లెక్కడివి? ఎక్కువభాగం సముద్రానివే. మామూలు సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఈ గల్ఫ్‌లో 40 దాటుతుంది. మరిగించి ఆవిరి పట్టడం పాత పద్ధతి. సన్నటి పొరలోంచి గట్టిగా నెట్టడం కొత్తది. 1960 ప్రాంతంలో అమెరికాలో ఆ పొరను పనికొచ్చేలా చేసిన ఇద్దరిలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్. ఆయనా వలసపోయినాయనే!

ఉప్పు తీసేశాక ప్లాంటులో కొంచెం కాల్షియం కలుపుతారు. కానీ చెమటలో మనకు పోయే ఉప్పు ఆ నీళ్లతో తిరిగి రాదు. ఎండలో గంటలకొద్దీ పనిచేస్తూ వట్టి నీళ్లే తాగితే పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దగ్గర పెట్టుకోండి, లేకుంటే ఉప్పేసిన మజ్జిగ. బీపీ ఉన్నోళ్లు మాత్రం డాక్టర్ని అడిగే తాగండి.