కళాశాల ద్వారములు - ఒక లెక్క



కళాశాలకు దరఖాస్తు పెట్టిన స్త్రీలలో చోటు దొరకినవారు తక్కువయని విన్నంతనే, ద్వారముకడ నున్నవారు పక్షపాతము చూపిరని మనకు తోచును. ఒక్కొక్కచో అదియే నిజము కావచ్చును. కాని లెక్కను విడదీసి చూడక తీర్పు చెప్పరాదు.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1973లో పట్టపరీక్ష దాటిన పైతరగతులకు 8,442 మంది పురుషులును, 4,321 మంది స్త్రీలును దరఖాస్తు చేసికొనిరి. పురుషులలో నూటికి 44 మందికి ప్రవేశము లభింపగా, స్త్రీలలో 35 మందికే లభించెను. బికెల్, హామెల్, ఓకానెల్ అను మువ్వురు పండితులు ఈ లెక్కను శాఖలవారీగా విప్పి చూచి 1975లో ప్రకటించిరి.

పెద్ద శాఖలలో రెంటిని మాత్రము చెప్పెదను. కాగితము, కలము చేతనున్నవారు వ్రాసికొనుడు. మొదటి శాఖలో 825 మంది పురుషులకుగాను 512 మందియు, 108 మంది స్త్రీలకుగాను 89 మందియు ఎంపికైరి. అనగా పురుషులు నూటికి 62, స్త్రీలు 82. రెండవ శాఖ మిక్కిలి ఇరుకైనది. అచట 373 మంది పురుషులలో 22 మందికి, 341 మంది స్త్రీలలో 24 మందికి మాత్రమే చోటు దొరకెను. ఇచటను స్త్రీలదే కొంచెము పైచేయి. ఇక రెంటిని కూడుడు: పురుషులు నూటికి 44కు పైగా, స్త్రీలు 25 మందియే! నేను తెలుగు పండితుడనేగాని లెక్కల మాస్టరును కాను. ఈ కూడిక నాలుగుమార్లు వేసి చూచితిని. గారడి యేమియు లేదు. విశాలమైన ద్వారముకడ స్త్రీలు 108 మందియే నిలువగా, ఇరుకు ద్వారముకడ 341 మంది క్రిక్కిరిసిరి. అన్ని శాఖలందును స్త్రీలే ముందుండిరని కాదు. కొన్నిట పురుషులు కొంచెము మించిరి.

మరి ఆ ఇరుకు త్రోవ స్త్రీలకు చూపినదెవరు? సులువుగా చోటు దొరకు శాఖలు తరచుగా గణితము కోరునవి. బడినాటినుండియే బాలికలు వేరు త్రోవకు మరలింపబడుచుండిరని ఆ పండితుల అభిప్రాయము.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పదవ తరగతి ముగిసిన వేసవిలో ఆడపిల్ల ఏ గ్రూపు చదువవలెనో తేల్చునది తరచుగా అరుగుమీద కూర్చున్న మనమే. మనుమనికైనచో పొలము తాకట్టుపెట్టియైనను పట్టణపు హాస్టలుకు పంపుదుము. మనుమరాలికి ఊరి దగ్గర దొరకిన చదువు చాలునందుము. ఐ.ఐ.టి.లలో 2016లో చేరినవారిలో బాలికలు నూటికి సుమారు 8 మందియే. 2018నుండి, మగపిల్లల సీట్లు తగ్గింపకయే, వారికై అదనపు సీట్లు కల్పించిరి. 2020 నాటికి వారి పాలు ఇంచుమించు 20 అయినది. కాని ఇంటర్మీడియటులో గణితము చదువని పిల్ల ఆ సీట్లకు దరఖాస్తు పెట్టుటకే అర్హురాలు కాదు.