మాక్యులా చికిత్సలో లేజరు



కీర్తిశేషులు, నేత్రవైద్యులు డాక్టర్ పి. శివారెడ్డిగారిని తలచుకొనగానే మన పెద్దలకు స్ఫురించునది శుక్లముల ఆపరేషన్. పల్లెలలో శిబిరములు నెలకొల్పి, కంటికట్టు విప్పగానే మనుమల మొగములు పోల్చుకొన్న వేలాది వృద్ధుల ఆనందమునకు కారకులైన ఆ మహనీయునివలన, కంటివైద్యమనగా పోయిన చూపు తిరిగివచ్చుట అను నమ్మకము తెలుగునాట పాదుకొన్నది. నేను నేడు చెప్పబోవు లేజరు చికిత్స అట్టిది కాదు. అది ప్రధానముగా ఉన్న చూపును నిలుపునది. ఈ భేదము తెలియకనే ఎందరో చూపు చాలవరకు పోయిన పిదప వచ్చుచున్నారని నా విచారము.

నేత్రపటలము (రెటీనా) నడుమనుండు మాక్యులా అతి స్వల్పభాగమే యైనను, అక్షరము చదువుటకును, సూదిలో దారమెక్కించుటకును, మనిషి మొగము గుర్తించుటకును అదియే ఆధారము. షుగర్ వ్యాధి ముదిరి, సన్నని రక్తనాళములనుండి ద్రవము కారి అచట వాపు ఏర్పడినచో, చుట్టుప్రక్కల చూపు చెడకపోయినను నడిమిచూపు మసకబారును.

ఈ చికిత్సకు మూలము ఒక గాయము. 1945 జూలై 9నాటి సూర్యగ్రహణమును కంటికి రక్షణ లేక చూచి మాక్యులా కాల్చుకొన్న వైద్యవిద్యార్థిని పరీక్షించిన జర్మన్ నేత్రవైద్యుడు గెర్హార్డ్ మైయర్-ష్వికెరాత్, కాల్చగల కాంతితో చినిగిన నేత్రపటలమును అతికింపరాదా యని యోచించి, 1949లో అద్దములతో సూర్యకాంతినే రోగి కంటిలోనికి మళ్లించెను. ఆకాశము మబ్బుపట్టిన దినమున చికిత్సయే లేదు! పిదప జీనాన్ దీపము వచ్చినది. 1960లో థియొడోర్ మైమన్ కెంపులేజరును సృజించెను. కాని దాని ఎర్రని కాంతిని రక్తము అంతగా గ్రహింపదు. ఆ కొరత తీర్చినది, 1968 ప్రాంతమున అమెరికా నేత్రవైద్యుడు ఎల్‌ఎస్పెరాన్స్ కంటివైద్యమున ప్రవేశపెట్టిన ఆర్గాన్ లేజరు.

1985లో వెలువడిన అమెరికా పరిశోధనలో, మధుమేహముచే మాక్యులా వాచినవారికి లేజరు చేసినచో గణనీయముగా చూపు కోల్పోవు ప్రమాదము సుమారు సగమునకు తగ్గినదని తేలినది. చూపు బాగుగా మెరుగైనవారు మాత్రము కొద్దిమందియే. వార్ధక్యమున మాక్యులా క్రింద చెడునాళములు మొలచు జబ్బులో సరిగా నడిబిందువుపై లేజరు ప్రయోగించినచో, కాపాడవలసిన చూపే కాలిపోవుచుండెను. 2006 ప్రాంతమున కంటిలోనికిచ్చు ఇంజెక్షన్లు వచ్చినపిమ్మట నడిమివాపునకు అవియే తొలిచికిత్స యైనవి. అయినను నడిబిందువునకు దూరమైన వాపులలో లేజరు నేటికిని పనికివచ్చుచున్నది.

1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ మన హైదరాబాదు నగరమున వెలసినది; 2018లో మెట్రో ఎల్.బి. నగర్ వరకు వచ్చినది. ఆ సంవత్సరమే ప్రభుత్వపు కంటివెలుగు నేత్రపరీక్షా శిబిరములు ఊరూరను జరిగినవి. దూరము తగ్గినది గాని ఆలస్యము తగ్గలేదు. కళ్లద్దములు మార్చినంతమాత్రమున మాక్యులా జబ్బు పోదు. షుగర్ ఉన్నవారు చూపు బాగున్నను ఏటేట నేత్రపటలమును చూపించుకొనవలెను. ఒక కన్ను మూసి, రెండవదానితో ఇంటి ద్వారబంధమునో మెట్రో స్తంభమునో చూచినపుడు గీత వంకరగా తోచినచో, ఆ వారమే రెటీనా వైద్యుని కడకు పోవలెను. పరీక్షకై కంటిపాపను విప్పార్చు చుక్కలు వేసిన పిదప కొన్ని గంటలు చూపు మసకబారును గనుక, వెంట ఒక తోడును తీసికొనిపొండు.