కాపలావాడు మేలుకునే ఉన్నాడా?



కంప్యూటర్ల గురించి ఈ గుమాస్తా మాట్లాడడమేమిటని నవ్వుకుంటున్నారేమో. వేర్వేరు ఊళ్ళలోని సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టి ఉండే ఏర్పాటు చూడడం మా అబ్బాయి ఉద్యోగం. ఏ సర్వరు ఆగినా ఫోన్ మోగుతుంది. "మరి ఆ కనిపెట్టేదే ఆగిపోతే?" అన్నాను. "అసలు చిక్కు అదే నాన్నా" అన్నాడు.

ఆ చిక్కు నేనెరుగుదును. 1970లలో ఎల్డీసీగా ఒక తుపాను రాత్రి కంట్రోల్ రూములో డ్యూటీ చేశాను. గంటగంటకూ చెరువు మట్టం చెప్పవలసిన ఒక ఊరి నుంచి పదకొండు తర్వాత ఫోన్ రాలేదు. రాలేదంటే ప్రమాదం లేదనుకున్నాం. తీగా తెగింది, గట్టూ తెగిందని తెల్లవారాక తెలిసింది. ప్రాణనష్టం లేదు గాని పశువులు కొట్టుకుపోయాయి. రిజిస్టరులో ఆ గడులు ఖాళీగా వదిలింది నేనే. ఇటునుంచి ఒక్కసారి ఫోన్ చేసి చూసినా లైను పోయిందని తెలిసేది.

2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో ఒక విద్యుత్ సంస్థ అలారం సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. గంటకు పైగా ఆపరేటర్లకు ఆ సంగతే తెలియదు. ఈలోగా లైన్లు చెట్లకు తగిలి ఒకటొకటే పడిపోయాయి. అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

దీనికి మందు మన ఆఫీసుల్లోనే ఉంది: నిల్ రిపోర్టు. ఎంత విసుక్కునేవాళ్ళం! మన లైఫ్ సర్టిఫికెట్టూ అంతే. అందకపోతే మన క్షేమం ఎవరూ ఊహించుకోరు, పింఛను ఆపుతారు. ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు "వాచ్‌డాగ్" అని ఒక అలారం పెడతారు. అది ఎప్పుడూ మోగుతూనే ఉండాలి. ఆ కబురు వేరేచోటి యంత్రానికి అందుతుంటుంది. అందడం మానిందా, ఆ యంత్రం మనిషిని లేపుతుంది. రెండూ ఒకే కరెంటు, ఒకే లైను మీద ఉంటే కలిసే పోతాయి.

రెండు ఊళ్ళ యంత్రాలు ఒకదాన్నొకటి చూసుకుంటే చాలదా అన్నాను. మధ్య లైను తెగితే రెండూ ఎదుటిదే పోయిందంటాయి, మూడో ఊరి సాక్ష్యం కావాలన్నాడు.

అదీ చాలదట. నెలకోసారి తానే ఒక పర్యవేక్షణ యంత్రాన్ని ఆపి, ఫోన్ మోగేదాకా కూర్చుంటాడు. మొదటిసారి మోగలేదు. కబురు సక్రమంగానే వెళ్ళింది, ఆర్నెల్ల కిందట ఉద్యోగం మానేసినవాడి నంబరుకు.