కోడు చూసి బాక్సు మార్చకండి

(ఎల్బీనగర్‌లో జరిగిన సంఘం శిక్షణ తరగతిలో ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రసంగాలు చేసేవాణ్ణి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపులో టీవీలు బాగుచేయడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఎల్బీనగర్ దాటాక ఆటోనగర్‌లో మిషన్ల వైరింగ్ పని చేస్తున్నాను. మీ సంఘం వాళ్లు వచ్చి, "మావాళ్లు పాత పొక్లెయిన్లు కొని ఇరుక్కుంటున్నరు, వచ్చి రెండు ముక్కలు చెప్పు" అంటే వచ్చాను.

పొక్లెయిన్ అనేది ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ పేరు. మనకు మిషను పేరే అయి కూర్చుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు, ఆ మట్టి పొలాలకు తోలుకున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఇప్పుడు నలుగురైదుగురు రైతులు కలిసి పాత మిషను కొని, సొంత పని చేసుకుని, మిగతా రోజులు కిరాయికి తిప్పుతున్నారు. మంచిదే. చిక్కల్లా డిస్‌ప్లే మీద ఎర్రర్ వచ్చినప్పుడు మొదలవుతుంది.

పోయిన ఎండాకాలం నల్లగొండ వైపు నుంచి ఐదుగురు రైతులు వచ్చారు. మిషను స్టార్ట్ అవుతుంది, రేసు మాత్రం లేవదు. డిస్‌ప్లే మీద "ఇంజన్ కంట్రోలర్‌తో కమ్యూనికేషన్ లేదు" అని వస్తోంది. ఒక షాపులో చూపిస్తే ఇంజన్ కంట్రోలర్ పోయింది, మార్చాలి అని లక్ష దాటిన లెక్క రాసిచ్చారట. మృగశిర దగ్గర పడుతోంది, వానలు పడితే చెరువు మట్టి పని ఆ ఏటికి అయిపోయినట్టే. వాళ్లలో ఒకాయన ఇంట్లో బంగారం కుదువ పెట్టడానికి సిద్ధమై వచ్చాడు.

తీరా చూస్తే సీటు వెనక ఎలుక కొరికిన వైరు. ఎవరో ముందే టేపు చుట్టారు, అది ఊడి రాగి బాడీకి తగులుతోంది. కంట్రోలర్ శుభ్రంగా ఉంది.

ఇక్కడ అసలు సంగతి అర్థం చేసుకోవాలి. వెనకటి మిషన్లలో లివర్ నుంచి ఇంజన్‌కు కేబుల్ ఉండేది. ఇప్పుడు ఇంజన్‌కొక కంప్యూటర్, హైడ్రాలిక్ పంపుకొకటి, డిస్‌ప్లేకొకటి. ఇవన్నీ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకుంటాయి. దాన్ని క్యాన్ లైన్ అంటారు. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి. ఊరి మైకులాంటిది, ఒకరు మాట్లాడితే అందరికీ వినిపిస్తుంది. వైరు తెగితే ఎవరి మాట ఎవరికీ అందదు.

డిస్‌ప్లేకు ఇంజన్ మాట వినిపించలేదు, కాబట్టి ఇంజన్ కంట్రోలర్ పేరు చూపించింది. వినపడలేదన్నవాడి మాట పట్టుకుని, మాట్లాడనివాడు చచ్చిపోయాడని తేల్చేస్తే ఎలా? కొన్ని మిషన్లలో ఎస్‌పీఎన్ 639 అనే కోడ్ వస్తుంది. అది నేరుగా ఈ లైను గురించి చెప్పేదే. ఒక్క కంట్రోలర్ పేరే వస్తే దానికి వచ్చే కరెంటు, ఎర్త్, కప్లర్ ముందు చూడాలి. రెండు మూడు పేర్లు ఒక్కసారే వస్తే అనుమానం లైను మీద పెట్టుకోవాలి.

చూడటానికి లాప్‌టాప్ అక్కర్లేదు, మామూలు మల్టీమీటర్ చాలు. లైనుకు రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ వైరు తీసేసి, డయాగ్నస్టిక్ సాకెట్‌లో ఆ రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్ అయితే సి, డి పిన్నులు. 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ కలిపారు. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లూ కలిసిపోయాయి. అప్పుడు కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ మీటరు చూడండి, ఏది విప్పితే రీడింగ్ లేస్తుందో లోపం అటువైపు ఉంది.

60 వచ్చిందంటే అంతా బాగున్నట్టు కాదు. బ్యాటరీ కలిపి, కీ ఆన్ చేసి, ఒక్కో వైరుకు ఎర్త్‌తో వోల్టేజి చూడండి. ఒకటి రెండున్నర వోల్టులకు కాస్త పైన, ఇంకోటి కాస్త కింద ఉండాలి. ఒకటి సున్నా చూపిస్తే బాడీకి తగులుతోంది. నల్లగొండ వాళ్ల మిషనులో దొరికింది ఇదే. పన్నెండో ఇరవై నాలుగో చూపిస్తే బ్యాటరీ వైరుకు తగిలింది. చాలా మిషన్లలో ఈ జత పసుపు, ఆకుపచ్చ. రంగును మాత్రం నమ్ముకోకండి, పాత మిషనులో ఎన్ని చేతులు పడ్డాయో!

అతుకు వేసేటప్పుడు రెండు వైర్లనూ మళ్లీ మెలిపెట్టాలి. ఆ మెలిక అందానికి కాదు, పక్క వైర్ల అలజడి సోకకుండా కాపాడుతుంది. బకెట్‌కు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీయకపోతే కంట్రోలర్ నిజంగానే కాలిపోతుంది, అది మన చేతులారా చేసుకునేది. ప్రెషర్ నీళ్లతో కడిగితే కప్లర్లలో చిలుము పడుతుంది. జీపీఎస్ పెట్టినవాళ్లు ఈ లైనుకే గుచ్చి వదిలేసినవీ చూశాను.

కొనే ముందు కీ ఆన్ చేసి చూడండి. వార్నింగ్ లైట్లు అన్నీ వెలిగి ఆరాలి. అసలు వెలగని లైటు కనబడితే అనుమానించండి. కోడ్‌లు అప్పుడే చెరిపి చూపించేవాళ్లుంటారు, అందుకని గంటసేపు పని చేయించి మళ్లీ చూడండి.

ఇంకొక మాట సంఘానికి. పాత మిషను కొన్నవాడికి వైరింగ్ బొమ్మ ఇచ్చే దిక్కు లేదు. చాలా కంపెనీల కంట్రోలర్ మార్చాక వాళ్ల సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే తప్ప పనిచేయదు. ఇది పొక్లెయిన్‌తో ఆగదు. 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధన వచ్చింది, వాటి ఇంజన్లలోకీ కంప్యూటర్ చేరింది. అమెరికాలో కొలరాడో రైతులు కొట్లాడి 2023లో రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. వ్యవసాయ యంత్రాల మాన్యువళ్లు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ రైతుకూ బయటి మెకానిక్‌కూ కంపెనీ ఇవ్వాల్సిందే. మన కేంద్రం కూడా 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అందులో వ్యవసాయ యంత్రాలను చేర్చింది, తర్వాత పోర్టల్ పెట్టింది. పోర్టల్‌లో సర్వీస్ సెంటర్ నంబరు దొరికితే నా పని కాదు. నాకు వైరింగ్ బొమ్మ కావాలి. మీ డిమాండ్లలో ఆ ఒక్క లైను రాయండి.

ఇక మాటలు చాలు. బయట చెట్టు కింద మిషను పెట్టించాను, ఒక కప్లర్ నేనే వదులు చేసి ఉంచాను. మీటర్లు తెచ్చినవాళ్లు ముందు రండి, బ్యాటరీ వైరు తీసి మొదలుపెడదాం.