మీడియం వేవ్‌పై విజయవాడ: ఒక రేడియో కేంద్రం నడిచిన దారి

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు మద్రాసు ప్రావిన్సులోనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశానికి మిగిలిన ఆలిండియా రేడియో కేంద్రాలు ఆరు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. తెలుగు కార్యక్రమాలకు దిక్కు 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే. అక్కడ ప్రసార సమయాన్ని తెలుగు, తమిళం పంచుకోవలసి వచ్చేది. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో ఉన్నా అందులో ఉర్దూదే పెద్దపీట. అది 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో కలిసింది. ప్రతి భాషా ప్రాంతానికీ ఒక కేంద్రం ఉండాలని స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో వేసిన పథకంలో కటక్, పాట్నా, నాగపూర్‌లతో పాటు విజయవాడకూ చోటు దక్కింది. తెలుగువారికి రాష్ట్రం కంటే దాదాపు ఐదేళ్ల ముందే సొంత రేడియో వచ్చింది. ఈ కేంద్ర చరిత్రను అంచనా వేసేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

కేంద్రం పలికేది మీడియం వేవ్ మీద, 837 కిలోహెర్ట్జ్ వద్ద. మీటర్లలో చెబితే సుమారు 358. ఆసియా, యూరప్, ఆఫ్రికా దేశాలు 1975లో జెనీవాలో కుదుర్చుకున్న ఒప్పందం 1978 నుంచి అమలైంది. దాని ప్రకారం మీడియం వేవ్ కేంద్రాల ఫ్రీక్వెన్సీలన్నీ తొమ్మిదితో భాగింపబడే సంఖ్యలు. విజయవాడ 837, హైదరాబాదు 738, విశాఖపట్నం 927, కడప 900 అలా వచ్చినవే. ఈ తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని సాగుతాయి. ఉప్పునీటి మీద, తడినేల మీద మరింత దూరం పోతాయి. తీరాంధ్రకూ డెల్టాకూ మీడియం వేవ్ అంతగా నప్పడానికి ఇదొక కారణం. రాత్రివేళ పైవాతావరణంలో తరంగాలను మింగే పొర కరిగిపోతుంది. అప్పుడు అవి ఇంకా పైపొరను తాకి వెనక్కి మళ్లి వందల మైళ్ల అవతల దిగుతాయి. విజయవాడ మాట రాత్రిపూట దూరప్రాంతాల్లో వినిపించినా, దూరపు కేంద్రాలు వచ్చి విజయవాడ మీద పడినా కారణం అదే.

తొలి పదేళ్ల కార్యక్రమాల తీరు ఈనాటి ఎఫ్.ఎం. శ్రోతకు వింతగా తోస్తుంది. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత, సాయంత్రం ఒక విడత ప్రసారం ఉండేది. నడుమ కేంద్రం మూగబోయేది. ప్రతి విడతనూ పావుగంట, అరగంట ముక్కలుగా కోసి ప్రసంగం, కర్ణాటక కచేరీ, పల్లెటూరి కార్యక్రమం, పిల్లల కార్యక్రమం, నాటకం, వార్తలు వరసగా పేర్చేవారు. ఏ రోజు ఏ వేళకు ఎవరు పాడతారో, ఎవరు మాట్లాడతారో ‘వాణి’ పత్రికలో ముందే అచ్చయ్యేది. రేడియో సెట్టు ఖరీదైన వస్తువు, పైగా దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. పల్లెల్లో చాలామంది విన్నది పంచాయతీ రేడియోనే. ఊరంతా ఒక్క సెట్టు ముందు కూర్చుని వినే కాలంలో, ఎవరికి కావలసిన ముక్క వారికి దొరికే ఈ పంపకం సబబుగానే నడిచింది.

ఈ ముక్కలకు ప్రాణం పోసినవారు నిలయ విద్వాంసులు. వారు కేంద్రంలో ఒప్పందం మీద పనిచేసే గాయకులు, వాద్యకారులు, నటులు, రచయితలు. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్‌పై అన్నవరపు రామస్వామి, మృదంగంపై దండమూడి రామమోహనరావు ఒకే ప్రాంగణంలో మసలిన కాలం ఒకటుంది. పొద్దున్నే వచ్చే ‘భక్తిరంజని’ వారి చేతుల్లో రూపుదిద్దుకుంది. అంతవరకు భజన మందిరాల్లోనో, ముష్టెత్తుకునే బైరాగి నోటనో వినిపించిన తత్వాలు, అన్నమయ్య, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల కృతులు సంగీత విద్వాంసుల గొంతుల్లోంచి వంటింటికి చేరాయి. తెలుగు మధ్యతరగతికి తెల్లవారుజాము సంగీతం ఎలా ఉండాలో ఈ కార్యక్రమం నేర్పిందంటే అతిశయోక్తి కాదు. సినిమాకూ కచేరీకీ నడుమ తెలుగులో లలిత సంగీతమనే దారి పడిందంటే దానికీ ఈ కేంద్రమూ, మద్రాసు, హైదరాబాదు కేంద్రాలూ కారణం.

నాటకం సంగతి వేరుగా చెప్పుకోవాలి. బిల్వమంగళుడి పాత్రతో పేరు తెచ్చుకున్న బందా కనకలింగేశ్వరరావు ఇక్కడ నాటక విభాగాన్ని నడిపారు. రంగస్థలం మీద రాగం సాగదీసి వన్స్‌మోర్లు కొట్టించుకునే పద్యం మైకు ముందు పనికిరాదు. అక్కడ అర్థం విరిగేచోట ఊపిరి తీసుకోవాలి, కోపాన్ని కేక లేకుండా పలికించాలి. ఆ క్రమశిక్షణ రేడియో నేర్పింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’కి నండూరి సుబ్బారావు ఇచ్చిన గొంతు విన్నవారికి ఆ పాత్రను మరో గొంతులో ఊహించుకోవడం కష్టం.

ఈ కార్యక్రమాల తీరుకు మొదటి పోటీ సినిమా పాట నుంచి వచ్చింది. 1952లో సమాచార, ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని నిలబెట్టాలని కళాకారులకు స్వర పరీక్షలు, శ్రేణులు కట్టుదిట్టం చేశారు. సినిమా పాటను మాత్రం దాదాపు వాకిలి బయటే నిలబెట్టారు. జనం ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగు అనౌన్స్‌మెంట్ల కోసం ఆంధ్రదేశమంతా చెవులు రిక్కించేది. కేస్కర్ విధానం విద్వాంసులకు అన్నం పెట్టింది, శ్రోతలను దూరం చేసింది. ఈ రెండూ నిజమే. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టాక, పదేళ్లకు దానికి వాణిజ్య ప్రకటనలు తోడయ్యాక, సినిమా పాట ఆకాశవాణి గడప తొక్కింది. పాటల భారమంతా వివిధభారతికి పోవడంతో మూల కేంద్రానికి తన పాత మర్యాద కాపాడుకునే వీలు చిక్కింది. వయసులో ఉన్న శ్రోత మాత్రం క్రమంగా అటు జరిగిపోయాడు.

1960లలో రెండు మార్పులు కలిసి వచ్చాయి. ట్రాన్సిస్టరు రావడంతో రేడియో కరెంటు లేని ఊరికీ, పొలం గట్టుకూ చేరింది. హరిత విప్లవం కోసం 1966 నుంచి ఆకాశవాణిలో వ్యవసాయ విభాగాలు ఏర్పడ్డాయి. తంజావూరు ప్రాంతంలో ఏడీటీ-27 వరి వంగడాన్ని రైతులు రేడియో వరి అని పిలిచేవారంటే ఈ ప్రసారాలు ఎంత పనిచేశాయో తెలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ కొత్త వంగడం, ఎరువు మోతాదు, తెగులు మందు సాయంత్రపు కార్యక్రమంలోంచే రైతుకు పరిచయమయ్యాయి. శాస్త్రవేత్త మాటను రైతు నుడికారంలోకి దించే పని తేలిక కాదు, దాన్ని చేసినవారిలో చాలామంది పేర్లు శ్రోతలకు తెలియవు. తుఫానులకు నెలవైన ఈ తీరంలో బ్యాటరీ ట్రాన్సిస్టరుకు మరో విలువ ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. స్తంభాలు కూలి తీగలు తెగిన చోట హెచ్చరిక మోసుకొచ్చే సాధనం మీడియం వేవ్ ఒక్కటేనని తీరప్రజలకు తెలుసు.

1970లలో కేంద్రాన్ని ఇంటింటి మాట చేసింది ఉషశ్రీ. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు ఆ కలం పేరుతో ఆదివారం మధ్యాహ్నం రామాయణం, భారతం, భాగవతం చెప్పారు. పురాణ కాలక్షేపం తెలుగువారికి కొత్త కాదు. గుడి మండపంలో గంటలకొద్దీ సాగే వ్యవహారాన్ని ఆయన కొద్ది నిమిషాలకు బిగించారు. చిన్న వాక్యం, తటాలున ఆగడం, శ్రోతను నిలదీసే ప్రశ్న ఆయన పనిముట్లు. ధర్మసందేహాలకు చెప్పిన జవాబులు, భద్రాచలం సీతారామ కల్యాణ ప్రత్యక్ష వ్యాఖ్యానం కూడా ఆ పద్ధతిలోనే సాగాయి. ఒక మనిషి గొంతే కార్యక్రమం కావడం ఈ కేంద్రంలో అప్పుడు పరాకాష్ఠకు చేరింది.

ఇంత సంపదలో మిగిలింది కొంతే. టేపు ఖరీదైనది కనుక ఒక కార్యక్రమం ప్రసారమయ్యాక దాన్ని చెరిపి మరొకటి ఎక్కించడం రేడియో కేంద్రాల్లో రివాజు. భద్రపరచాలని ఎవరో పూనుకున్నవే నిలిచాయి. ఈ నష్టానికి పూడిక లేదు. మిగిలిన ప్రతి టేపునూ డిజిటల్‌లోకి మార్చి అందరికీ అందుబాటులో ఉంచడం ప్రసార సంస్థ తెలుగు సంస్కృతికి పడిన బాకీ.

1980ల నుంచి కథ వేగంగా నడుస్తుంది. 1985లో రేడియో లైసెన్సు రద్దయింది గానీ అప్పటికే టీవీ ఇళ్లలోకి వస్తోంది. నిలయ విద్వాంసుల ఒప్పందాలు ప్రభుత్వోద్యోగాలుగా మారాయి. వారికి భద్రత దొరికింది, అది న్యాయమే. కానీ పదవీ విరమణ చేసినవారి స్థానాలు తర్వాతి కాలంలో చాలావరకు నిండలేదు. 1990 నాటి చట్టం ప్రకారం ప్రసారభారతి సంస్థ 1997 నవంబరులో ఏర్పడింది. 2000ల నుంచి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు నగరాల్లో ఆగని పాట, ఆగని కబుర్లు తెచ్చాయి. ఆకాశవాణి కూడా ఎఫ్.ఎం. రెయిన్‌బోతో, ఫోన్-ఇన్ కార్యక్రమాలతో బదులిచ్చింది. పావుగంట ముక్కల స్థానంలో గంటల తరబడి సాగే ఒకే వరస వచ్చింది. శ్రోత ఫోన్లో మాట కలపడం మంచి మార్పే. స్టూడియోలో రిహార్సలు చేసి తయారుచేసే నాటకం, రూపకం, సంగీత రచన ఆ వేగంలో కుంచించుకుపోవడం నష్టం. ఒక కేంద్రం స్థానికమైనదని చెప్పడానికి దాని స్తంభం ఏ ఊళ్లో ఉందన్నది చాలదు. రోజులో ఎన్ని గంటలు అది సొంతంగా, తన నేల మనుషులతో తయారుచేస్తుందన్నదే అసలు కొలత.

విజయవాడలో ఇప్పుడున్నది 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు. పాత పద్ధతిలోనూ, డీ.ఆర్.ఎం. అనే డిజిటల్ పద్ధతిలోనూ పంపగల సామర్థ్యం దానికుంది. డిజిటల్‌లో గరగర ఉండదు, అయితే దాన్ని అందుకునే సెట్లు పల్లెటూరి శ్రోతకు ఇంకా అందుబాటులో లేవు. దేశంలో పలు మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఇటీవలి సంవత్సరాల్లో మూసివేశారు. మరోపక్క న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా విజయవాడ కార్యక్రమాలు అమెరికాలోని తెలుగువారికీ చేరుతున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయి హైదరాబాదు తెలంగాణకు చెందాక, ఆంధ్రప్రదేశ్‌కు ప్రధాన ఆకాశవాణి కేంద్రంగా నిలిచింది బందరు రోడ్డు మీద పున్నమ్మ తోటలోని ఈ కేంద్రమే.