ముంజకాయ బండి తోలే పిల్లకు చదువు రాదా?



ఇయ్యాల నేను ఒక బండి గురించి మాట్లాడత. తిని పారేసిన రెండు ముంజకాయ బుర్రలు, వాటి నడుమ ఒక పుల్ల, తోసేందుకు ఒక పంగల కర్ర. అంతే బండి. మీలో చానామంది ఈ బండి తోలే పెద్దైనోళ్లు. ఇప్పుడు దాని పేరెత్తితే నవ్వుకుంటున్నరు, నాకు కనబడుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ మన తండాలల్ల పొద్దుగాల ఏం జరుగుతదో మీకు తెలుసు. యాడి నాటుకో, పత్తి ఏరనీకో పోతది. మూడు నాలుగేండ్ల పిల్ల అంగన్‌వాడీకి పోతది. అట్లాంటి ఒక కేంద్రం ముందు వేపచెట్టు కింద కూసోని ఒక పూటంతా చూసిన. లోపల గోడకు చార్టు ఉంది. ఆ చార్టు ముందు ఒక నాలుగేండ్ల పిల్ల నోరు తెరవలే. ఇంట్ల 'పాణి' అనే పిల్లను 'ఇదేంది?' అని తెలుగుల అడిగితే ఏం చెప్తది? మౌనంగ నిలబడ్డది. ఈమెకు ఏం రాదు అనుకున్నరు.

అదే పిల్ల బయటికొచ్చినంక చూడాలె. ముంజకాయ బండి లారీ అయింది. దుబ్బ వడ్లు అయినయి. ఒక బండరాయి మిర్యాలగూడ రైస్‌మిల్లు అయింది. ఇంకో పిల్లగాడు సేటు. కొబ్బరి చిప్పతోని తూకం ఏసి 'ఇంత తరుగు' అన్నడు. మన పిల్ల ఒప్పుకుంటదా? మళ్లా కొలిపించింది, చిప్పలు లెక్కపెట్టింది, కొట్లాడింది. అంతా గోర్‌బోలిలనే. లెక్క, మాట, బేరం, న్యాయం అన్నీ ఆ చెట్టు కిందనే ఉన్నయి. చదువు అంటే ఇంకేంది?

ఇది నా ఒక్కని మాట కాదు. మహారాష్ట్రల తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ అని ఇద్దరు ఉండిరి. 1945ల బోర్డి అనే ఊర్ల పని మొదలువెట్టి, తర్వాత కోస్‌బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసీ పిల్లల నడుమ పనిచేసిన్రు. పిల్లలు బడికి రాకపోతే వాళ్ల ముంగిట్లకే బాలవాడిని తీసుకపోయిన్రు. పసులు కాసే పిల్లల కోసం మేత బీడుకే బడిని తోలుకపోయిన్రు. ఖరీదైన సామాను బదులు గింజలు, ఆకులు, గులకరాళ్లతోనే నేర్పిన్రు. 'అంగన్' అంటేనే ముంగిలి. అంటే అంగన్‌వాడీ అన్న పేర్లనే వాకిలి ఉంది. మనమే పిల్లల్ని తెచ్చి గోడల నడుమ కూసోపెడుతున్నం.

ఇప్పుడు అసలు బాధ చెప్త. పిల్లలు ఆడుకుంటున్నరంటే ఏం నేర్చుకుంటలేరని మనోళ్ల భయం. అందుకే అప్పు తెచ్చైనా మూడేండ్ల పిల్లను వ్యాన్ ఎక్కించి టౌనుకు పంపుతున్నరు. నేను తల్లిదండ్రుల్ని తప్పుపట్ట. మన పిల్లలు వెనకపడొద్దన్న ఆరాటం అది. కానీ ఆ పిల్ల అక్కడ మొదట నేర్చుకునేది ఏంది? తన మాట మాట కాదని, తన బొమ్మ బొమ్మ కాదని. ఆ సిగ్గు ఎంత లోతుకు పోతదో మనలో చదువుకున్నోళ్లకు తెలుసు.

విద్యాహక్కు చట్టం ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాకా పిల్లలది. ఆరుకు ముందున్న మూడేండ్లు, మన పేద ఇండ్లకు, అంగన్‌వాడీయే దిక్కు. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్నపిల్లలకు ఆటతోని, ఇంటి భాషల నేర్పాలన్నది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికల 31వ అధికరణం ఆటను హక్కు అన్నది. 1992ల మన దేశం దానికి ఒప్పుకున్నది. అంటే మనం దయ అడుగుతలేం.

మరి మీరేం చేయాలె? నెలకు ఒక పూట మీ తండా అంగన్‌వాడీకి పోండి. టీచరమ్మ మీద పెత్తనం చేయనీకి కాదు, చేతికింద సాయం చేయనీకి. ఆమెకు ఉన్న రిజిస్టర్ల బరువే చాలు. జొన్న బెండుతోని ఎడ్లబండి చేసివ్వండి. మీ నాయనమ్మను తోలుకపోయి, పాత పేట్యా ముక్కలతోని గుడ్డబొమ్మ కుట్టించి, గోర్‌బోలిల కత చెప్పించండి. బంకమట్టి తెచ్చి పొయ్యండి, ఎద్దు ఎట్ల చేయాలెనో పిల్లలే చూపిస్తరు. ఒక్క జాగ్రత్త: మూడేండ్ల లోపు పిల్లలున్నకాడ చింతగింజలు, గవ్వల లాంటి చిన్న వస్తువులు పెట్టొద్దు, ముక్కుల్ల నోట్ల పెట్టుకుంటరు. బెండుకు ముండ్లు గుచ్చే పని మీరే చేయాలె.

ఆ పిల్ల బండరాయిని మిల్లు చేసి, తరుగు మీద కొట్లాడిన సంగతి మరువకండి. రేపు నిజం కాంటా ముందు నిలబడేది గూడ ఆమెనే. అప్పుడు ఆమె గొంతు లేవాల్నంటే, ఇయ్యాల ఆ వేపచెట్టు కింద ఆమెను ఆడనియ్యాలె.

జోహార్.