టైరునకు పైగాయము, లోగాయము

మహాశివరాత్రికి కీసరగుట్టకు కారులో పోయి వచ్చినవారికి స్వామివారి ప్రసాదముతోబాటు బండికి ఒక గీతయో, ఒక సొట్టయో కూడ లభించుట క్రొత్త కాదు. ఉప్పలు, నాచారము, కుషాయిగూడల వైపునుండి వచ్చు బండ్లన్నియు ఆ నాడు ఒక్క త్రోవలోనే చేరును. బండి నిలుపుటకు జానెడు చోటు దొరికిన అదియే మహాభాగ్యము. మొన్నటి శివరాత్రికి మాకును అట్టి భాగ్యమే పట్టినది. రెండు బండ్ల నడుమ మా కారును వెనుకకు చొప్పించుచుండగా ముందరి ఎడమ చక్రము దారి అంచురాతిని బరబర రాచుకొన్నది. దిగి చూచితిమి. టైరు ప్రక్కభాగమున బెత్తెడు పొడవున రబ్బరు లేచి నాలుకవలె వ్రేలాడుచున్నది.

గీత పడినందుకు కాదు మా విచారము. ఆ కారును మరుసటి వారము ఒక పరిచయస్థునకు అమ్ముటకు మాట యిచ్చి యుంటిమి. అతడు యువకుడు, కీసరలోనే కాపురము. ప్రతిదినమును వలయ రహదారి మీదుగా మేడ్చలు వైపునకు ఉద్యోగమునకై పోయి వచ్చువాడు. భార్యను, పసిబిడ్డను ఎక్కించుకొని ఊరికి పోవుటకని ఈ కారును కోరుకొన్నాడు. అతడు వచ్చి చూచునప్పటికి టైరు ఇట్లుండుట మాకు చిన్నతనముగా తోచినది. వెంట వచ్చిన మా మేనల్లుడు ఇట్లనెను: "దీనికింత దిగులెందుకు మామా! ఇంటికి పోయి కొంచెం జిగురు పెడదాం, పైన నల్ల పాలిష్ కొడదాం. కొనేవాడికి కనబడనే కనబడదు."

ఆ చివరిమాట మాకు కొంత హాయిగాను, కొంత ముల్లుగాను ఉండెను. ఎందుకైనను మంచిదని తిరుగుదారిలో ఒక పంక్చరు దుకాణము వద్ద బండి ఆపితిమి.

ఆ దుకాణదారు వయసు మళ్లినవాడు. మేము చెప్పినది విని అతడు వేసిన మొదటి ప్రశ్న, "దారమేమన్న కనవడ్తుందా సార్?" అని. స్క్రూడ్రైవరు కొనతో వ్రేలాడు రబ్బరును మెల్లగా పైకెత్తి, టార్చి వెలుగున దాని క్రింద చూచెను. "తోలు లేసింది సార్. లోపల ఏం గాలే" అనెను. అంతటితో ఊరకుండక, మేమడుగకయే తక్కిన మూడు టైర్లను కూడ అరచేతితో చుట్టును తడవి చూచుచు పోయెను. వెనుక ఎడమ టైరు వద్ద అతని చేయి ఆగిపోయినది. "ఇదేందో చూడుండ్రి సార్."

వంగి చూచితిమి. నిమ్మకాయ చెక్కంత ఉబ్బు. దానిపై గీత లేదు, చీలిక లేదు, నలుపు చెదరలేదు. ఇన్నాళ్లును మా కంట పడలేదు. "ముందటిది చూస్తే భయమైతది గాని దానికేం గాదు. ఇది ఎప్పుడన్న పటుక్కుమంటది" అని అతడు తేల్చి చెప్పెను. నాలుగు నెలల క్రిందట ఒక రాత్రి గుంతలో చక్రము పడి దభీలుమని చప్పుడగుట, టైరు పగులలేదు గదా అని మేము సంతోషించి సాగిపోవుట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

కంటికి వికారముగా కన్పట్టు గాయము నిరపాయకరమగుటయు, కంటికి ఆనని ఉబ్బు ప్రాణాంతకమగుటయు ఎట్లు? దీనిని గ్రహించుటకు టైరు కట్టుబడి కొంచెము తెలియవలెను. నేటి కారు టైర్లు పెక్కు రేడియల్ పద్ధతివి. ఫ్రాన్సు దేశమున మిషెలిన్ సంస్థవారు ఆ పద్ధతికి 1946లో పేటెంటు పొందిరి. రిమ్మునకు అంటియుండు రెండు అంచులలోను ఉక్కుతీగల కడియము లుండును. ఒక కడియమునుండి రెండవ కడియమువరకు పాలియెస్టరు వంటి గట్టి దారములు ఒకదాని ప్రక్క నొకటిగా పరచబడి యుండును. నేలను తాకు భాగమున వీనిమీద ఉక్కు పట్టీలు కూడ చేరును. ప్రక్కభాగమున ఆ పట్టీలు లేవు. లోపలి గాలి ఒత్తిడిని అక్కడ దారములే భరించును. వాని పైనున్న రబ్బరు కొన్ని మిల్లీమీటర్ల దుప్పటి మాత్రమే. రాళ్ల రాపిడిని, ఎండను, తేమను తాను సహించి దారములను కాపాడుట దాని పని.

ఈ ప్రక్కభాగమునకు విశ్రాంతి తక్కువ. చక్రము తిరిగినప్పుడెల్ల నేలవైపునకు వచ్చిన చోట అది వంగి, మరల నిక్కును. మా కారు టైరు చుట్టుకొలత సుమారు 195 సెంటీమీటర్లు. అనగా కిలోమీటరునకు ఐదువందలకు పైగా చుట్లు. హైదరాబాదు వలయ రహదారి పొడవు 158 కిలోమీటర్లు. దానిపై వేగపరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచిరి. ఆ వేగమున పోవు బండి టైరు నిమిషమునకు సుమారు వేయిమారులు వంగి లేచును. దారములు చెక్కుచెదరకున్న ఇది టైరునకు నిత్యకృత్యమే. కాని గుంత అంచునకును రిమ్మునకును నడుమ టైరు నలిగినపుడు లోపలి దారములు కొన్ని తెగిపోవచ్చును. పై రబ్బరు సాగెడు గుణము కలది గనుక తెగదు. దారములు లేని ఆ చోట గాలి రబ్బరును వెలుపలికి త్రోయును. అదియే ఉబ్బు. దానికి జిగురు లేదు, అతుకు లేదు, మందు లేదు. టైరును తీసివేయుటయే మార్గము.

కావున ఇంటియందు మరమ్మతునకు పూనుకొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. గాయములో దారము గాని, దారముల చారలు గాని కన్పించుచున్నవా? చుట్టుప్రక్కల ఉబ్బు ఉన్నదా? గాయము వద్ద సబ్బునీరు పూసిన బుడగలు వచ్చుచున్నవా? వ్రేలాడు రబ్బరును ఎత్తి చూచిన, చీలిక లోపలికి సూటిగా దిగుచున్నదా? ఒక్క దానికి అవునని జవాబు వచ్చినను జిగురు సీసా మూసివేసి, అనుభవజ్ఞునకు చూపవలెను. ప్రక్కభాగమున మేకు దిగినను అంతే. నేలను తాకు భాగమున వేయునట్టి అతుకు ప్రక్కభాగమున వేయుట క్షేమము కాదు. ఇక టైరు ప్రక్కన నిలువుగా, లోనికి స్వల్పముగా పల్లమువలె కన్పడు చారలను చూచి భయపడ నవసరము లేదు. తయారీలో దారముల పొరలు ఒకదానిపై నొకటి కలిసిన చోట అవి ఏర్పడుట సహజము. పల్లమునకు వెరవ వద్దు, మిట్టకు వెరవవలెను.

నాలుగింటికిని కాదని జవాబు వచ్చినప్పుడు, అది పైగాయమే. దానిని బాగుచేయుట ఇంటిలో ఒక ఆదివారపు ఉదయపు పని. సమతలమగు నేలపై కారు నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, వేరొక చక్రమునకు ముందు వెనుకల రాళ్లు అడ్డుపెట్టుడు. ముందు చక్రమైనచో స్టీరింగు త్రిప్పిన గాయము వెలుపలికి కన్పడును; చక్రము విప్ప నక్కరలేదు. సబ్బునీటితోను, బట్టలుతుకు బ్రష్షుతోను గాయమును కడిగి, లోపలి ఇసుకను తొలగించి, పూర్తిగా ఆరనిండు. పిదప స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడువుడు. మునుపు పూసిన పాలిష్ జిడ్డు ఏ మాత్రమున్నను జిగురు పట్టదు. వ్రేలాడు రబ్బరు లోపలి తట్టును, అది కూర్చుండవలసిన చోటును 120 నంబరు గరుకుకాగితముతో చేతితో తేలికగా రుద్దుడు. గ్రైండరు వంటి యంత్రము వాడరాదు. అది క్షణములో దుప్పటిని తినివేసి దారమును తాకును.

జిగురు విషయము. బజారులో దొరకు త్వరగా పట్టు జిగురు, అనగా సయనోఎక్రిలేటు జాతిది, రబ్బరును చక్కగా పట్టును. కాని సామాన్యమైన రకము ఆరిన పిమ్మట పెళుసగును; వంగుచు లేచుచునుండు టైరుపై అది చిట్లిపోవును. రబ్బరు కలిపిన నల్లని రకము దొరికిన మేలు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు పెట్టుకొని, పిల్లలను దూరముంచి, పలుచగా పూయుడు. రబ్బరును తన చోట కూర్చుండబెట్టి, పైన టేపు గట్టిగా వేసి, ఒక రాత్రి గడవనిండు. మరునాడు టేపు తీసి, మిగిలిన మిట్టలను 240 నంబరు కాగితముతో, నీరు చిలుకరించుచు, నునుపు చేయుడు. రబ్బరు ముక్క ఊడిపోయి గుంట మిగిలినచో, నల్లని పాలీయురితేను సీలెంటును పలుచగా నింపవచ్చును. లేక దాని నట్లే వదలినను నష్టము లేదు. అంచులను నున్నగా కత్తిరించి ఊరకుండుట పెక్కుమారులు ఉత్తమ చికిత్స.

ఒక్క మాట మరువరాదు. ఈ జిగురు టైరునకు బలము నీయదు. మన్నును, నీటిని చీలికలో చేరనీయక, చూపునకు పొందిక కలిగించును, అంతే. మరమ్మతైన చోటును మొదటి కొన్ని వారములు వారమున కొకమారైనను చేతితో తడవి చూడవలెను.

మెరుగు పెట్టువారు కొందరు టైరును కిరోసిను, డీసెలు, వాడిన ఇంజను నూనెలతో తుడుతురు. నలుపు తళతళలాడును, నిజమే. కాని అట్టి నూనెలు రబ్బరులోనికి ఇంకి దానిని ఉబ్బించి మెత్తబరచును. టైరునకు తన మందు తనలోనే కలదు. రబ్బరులో కలిపిన మసివలన దానికి దృఢత్వమును, ఎండను తట్టుకొను శక్తియు కలుగును. మసి కలుపని తొలినాటి టైర్లు పాలిపోయిన రంగున ఉండెడివి. గాలిలోని ఓజోను రబ్బరును పగులగొట్టకుండ మైనమును, కొన్ని రక్షక ద్రవ్యములను కూడ కలుపుదురు. టైరు వంగుచు తిరుగుచున్నప్పుడు అవి మెల్లగా పైకి చేరి పూతవలె నిలుచును. కావుననే మాసములకొలది కదలక ఎండలో నిలిచిన కారు టైర్లకు సన్నని పగుళ్లు త్వరగా వచ్చును. కడుగుటకు సబ్బునీరు చాలును. మెరుగే కావలెనన్న నీటితో చేసిన పాలిష్ వాడుడు.

టైరు ప్రక్కనుండు అక్షరములను చదువుట కూడ నేర్వదగినది. మా టైరుపై 185/65 ఆర్ 15, 88 హెచ్ అని యుండెను. వెడల్పు 185 మిల్లీమీటర్లు. ప్రక్కభాగపు ఎత్తు అందు నూటికి 65 వంతులు. ఆర్ అనగా రేడియల్. రిమ్ము 15 అంగుళములు. మోయగల బరువు 560 కిలోగ్రాములు. తట్టుకొను వేగము గంటకు 210 కిలోమీటర్లు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొక చోట నుండు నాలుగంకెల సంఖ్య. మేము, "కొత్త టైరెందుకు, స్టెప్నీ వాడనే లేదు గదా!" అనగా, దుకాణదారు డిక్కీ తెరపించి, స్టెప్నీపై 3117 అను అంకెలను వ్రేలితో చూపెను. 2017వ సంవత్సరపు 31వ వారమున తయారైనదని దాని యర్థము. నేల తాకకున్నను రబ్బరునకు వయసు తప్పదు. అయిదేండ్లు దాటిన పిదప ఏటేట పరీక్షింపవలెననియు, పదియేండ్లు నిండిన వాడరాదనియు పెక్కు టైరు నిర్మాతల సలహా.

కీసరగుట్టమీద ఒక బండపై 'తొలచువాన్డ్రు' అను మాట చెక్కబడి యున్నది. రాతిని తొలుచువారని దాని యర్థము. శాసనములలో కన్పడు తెలుగు మాటలలో అతి ప్రాచీనములైన వానిలో పండితులు దానిని లెక్కింతురు. ఎన్నిమారులో గుట్ట నెక్కి దానిని గూర్చి ముచ్చటించినవారమే. మా కారు టైరుపై నున్న నాలుగంకెలను మాత్రము ఆనాటివరకు చదివి యుండలేదు.

ఆ సాయంకాలము వెనుక చక్రములకు రెండు క్రొత్త టైర్లు కొంటిమి. ఒక ఇరుసుపై రెండును సమానముగా నుండుట మేలని దుకాణదారు చెప్పెను. ఉబ్బిన టైరును ఏమి చేయుదువని యడుగగా, కత్తి తెచ్చి మా ఎదుటనే దాని ప్రక్కభాగమును నిలువుగా కోసివైచెను. "లేకపోతే ఎవడో నల్లగ చేసి మల్లొకనికి అమ్ముతడు సార్" అని అతని జవాబు. మా మేనల్లుడు తల వంచుకొనెను. మేమును వంచుకొంటిమి, ఏలయన అతని సలహా విన్నప్పుడు మాకు కలిగిన హాయిని మేము మరువలేదు.

ముందరి టైరును ఆదివారమునాడు మేనల్లుడును, మేమును కలసి పైన చెప్పిన రీతిగా అతికితిమి. అతుకు కొంచెము కన్పట్టుచునే యున్నది. కొనవచ్చిన యువకునకు మొదట దానినే చూపి, వెనుక టైర్ల కథ కూడ చెప్పితిమి. అతడు వంగి నాలుగు టైర్లను అరచేతితో తడవి చూచి, తాళములు తీసికొనెను.

శ్రోతలారా! రేపు ఉదయము బండి తీయుటకు ముందు మీరును ఒకమారు నాలుగు చక్రములను చేతితో తడవి చూడుడు. వెలుపలి ప్రక్కను మాత్రమే కాదు, వంగి లోపలి ప్రక్కను కూడ. రెండు నిమిషముల పని. సెలవు.